అటక మీద దొరికిన ఆ వస్తువు ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, అన్నదమ్ములు సామాను పంచుకునేటప్పుడో, తాతమ్మ ట్రంకు పెట్టె తెరిచినప్పుడో ఎవరికీ పేరు తెలియని వస్తువు ఒకటి బయటపడుతుంది. అది చేతులు మారుతుంది, తలా ఒక మాట అంటారు, చివరికి పాత సామాను కొనేవాళ్ళ బండి ఎక్కి తూకానికి వెళ్ళిపోతుంది. దానితో పాటు ఒక పని చేసే పద్ధతి కూడా ఆ ఇంట్లోంచి పోతుంది. అలా పోకూడదన్నదే నా తాపత్రయం. ఇలాంటి వస్తువుల గురించి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

వస్తువు దొరికింది. మొట్టమొదట ఏం చేయాలి?

తోమకండి. చింతపండు, ఇటుక పొడి, నిమ్మచెక్క, కొట్లో దొరికే తోముడు పొడి, ఏదీ దాని దగ్గరికి రానివ్వకండి. వస్తువు ఎందుకు వాడారో చెప్పే సాక్ష్యం ఆ మురికిలోనే ఉంటుంది. అడుగున మసి ఉంటే అది పొయ్యి ఎక్కింది. లోపల తెల్లగా గట్టిపడిన పొర ఉంటే సున్నం కావచ్చు. చెక్కుడు పని సందుల్లో ఎర్రగా, పసుపుగా ఇరుక్కుపోయి ఉంటే దేవుడి గదిలో తిరిగిన వస్తువు. నల్లటి జిడ్డు ఉంటే దీపమో, కాటుకో. ఒక్కసారి తోమితే ఇవన్నీ కాలువలో కలిసిపోతాయి, మీ చేతిలో మెరిసే లోహం ముక్క మిగులుతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. రాగి, ఇత్తడి, కంచు వస్తువు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ ఉంటే మాత్రం లోహం ఇంకా తినేసుకుంటోందని అర్థం. దాన్ని విడిగా, తేమ తగలని చోట పెట్టండి.

ఆ తర్వాత, ఎక్కడ దొరికిందో అదే రోజు రాసుకోండి. వంటింటి అటక మీదా, పశువుల కొట్టంలోనా, దేవుడి గదిలోనా, లెక్కల కాగితాలున్న పెట్టెలోనా? పక్కన ఏమేమి ఉన్నాయి? గుర్తు తెలియని వస్తువులకు సగం జవాబు ఈ పక్క సామానులోనే దొరుకుతుంది. విడిగా పడి ఉన్న మేకు, బిళ్ళ, మూత ఏది కనిపించినా అదే సంచిలో వేయండి. జంతికల గొట్టం నుంచి బిళ్ళలు విడిపోతే మిగిలిన రెండు గొట్టాలను చూసి అది ఏమిటో పోల్చుకోవడం చాలా కష్టం.

ఫోటోలు ఎలా తీయాలి?

ఎండ నేరుగా పడని వెలుతురులో, ఒకే రంగు గుడ్డ మీద పెట్టి ఆరు వైపులా తీయండి. అడుగు భాగం, లోపలి భాగం తప్పనిసరి. చాలామంది అందంగా కనిపించే వైపే పంపుతారు, కానీ జవాబు ఎక్కువసార్లు అడుగునే ఉంటుంది. పక్కన స్కేలు గాని పది రూపాయల నాణెం గాని పెట్టండి. ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు కాబట్టి కొలత తేలికగా తెలుస్తుంది. కదిలే భాగాలుంటే వీడియో తీయండి. బలవంతంగా మాత్రం కదిలించవద్దు.

ఏ లోహమో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. మొదట అయస్కాంతం. ఇనుముకు అంటుకుంటుంది. ఇత్తడి, రాగి, కంచు, వెండి, సీసం దేనికీ అంటుకోదు. చూడడానికి ఇత్తడిలా ఉండి అయస్కాంతం అంటితే అది ఇనుము మీద పూత.

తర్వాత నీటి పరీక్ష. వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ మీద వస్తువును పొడిగా తూచండి. తర్వాత నీళ్ళ గిన్నెను తక్కెడ మీద పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, వస్తువును దారంతో కట్టి పూర్తిగా మునిగేలా, అడుగుకు తగలకుండా వేలాడదీయండి. అప్పుడు కనిపించే గ్రాములే ఆ వస్తువు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ఉదాహరణకు పొడిగా 425 గ్రాములు తూగి, నీటిలో తక్కెడ 50 చూపిస్తే 425ను 50తో భాగించండి. 8.5 వచ్చింది, అంటే ఇత్తడి. రాగికి సుమారు 8.9, వెండికి 10.5, సీసానికి 11.3, ఇనుముకు 7.8 దగ్గర, అల్యూమినియానికి 2.7 వస్తాయి. ఇత్తడికీ కంచుకూ మధ్య తేడా చాలా తక్కువ కాబట్టి అది ఈ పరీక్షలో తేలదు. లోపల గాలి ఉండిపోయే బోలు వస్తువులకు, చెక్క పిడి ఉన్నవాటికి ఈ లెక్క పనికిరాదు. పరీక్ష అయ్యాక వెంటనే తుడిచి ఆరబెట్టండి. జిడ్డు, సున్నం వంటి ఆనవాళ్ళున్న వస్తువును అసలు నీటిలో ముంచవద్దు.

గీకి చూడడం, ఆకురాయి పెట్టడం, ఆమ్లం వేయడం వద్దే వద్దు.

దేనికి వాడేవారో ఎలా తెలుస్తుంది?

అరుగుదల చూసి. ఆకారం అబద్ధం చెప్పగలదు. పక్షి బొమ్మ ఉన్న వస్తువు దీపమూ కావచ్చు, కుంకుమ భరిణె కూడా కావచ్చు. చేతులు ఏళ్ళ తరబడి పట్టుకున్న చోటు మాత్రం అబద్ధం చెప్పదు. వస్తువును కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ నున్నగా ఉంది, ఎక్కడ చెక్కుడు గీతలు చెరిగిపోయాయి, ఎక్కడ కొత్తదానిలా గరుకుగా మిగిలింది?

రంధ్రం ఉంటే దాని అంచు చూడండి. తాడు తిరిగిన రంధ్రం ఒక పక్కకే అరుగుతుంది. మేకుకు వేలాడిన రంధ్రం పై అంచున అరుగుతుంది. కవ్వం కర్ర మీద తాడు చుట్టిన చోట గాడి పడి ఉంటుంది. గరిటె అంచు గిన్నెను గీరే పక్కనే తరుగుతుంది. ఇత్తడి గిన్నె లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉంటే అది వంటకు వాడింది. పులుపు తగిలితే చిలుమెక్కుతుందనే కదా కళాయి పూయించేది. లోపల కళాయి ఆనవాలు ఏ మూలా లేకుంటే అది నీళ్ళకో, ధాన్యానికో, కొలతకో వాడినదని అనుమానించవచ్చు.

గుండ్రటి ఇనుప కడియానికి పది పన్నెండు కొక్కేలు వేలాడుతున్నాయి. ఇదేమైనా ఆయుధమా? మాంసం తగిలించేదా?

నాకు వచ్చే ఫోటోల్లో దీనికే ఎక్కువ కథలు అల్లుతారు. ఇది బావిలో పడిన చేదను, బొక్కెనను, బిందెను పైకి తీసే గాలాల గుత్తి. చాలా ఊళ్ళలో పాతాళ గరిగె అంటారు. తాడు తెగి చేద బావిలో పడితే దీన్ని గట్టి తాడుకు కట్టి నీటి అడుగుకు దించుతారు. చేదకు తగిలేదాకా నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతారు. ఏదో ఒక కొక్కెం చేద చేతికడియంలో పడుతుంది. అందుకే కొక్కేలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి, అందుకే అవి బిగుసుకుని ఉండకుండా కడియంలో ఊగుతాయి.

మీ దగ్గర ఉన్నది అదేనని రూఢి చేసుకోవాలంటే మూడు చోట్ల చూడండి. పైన తాడు కట్టే కడియం లోపలి అంచు తాడు ఒరిపిడికి నున్నబడి ఉంటుంది. కొక్కేల మొనలు పదును లేకుండా మొద్దుగా, వంపు తిరిగి ఉంటాయి. మాంసం తగిలించే కొక్కేనికి మొన పదునుగా ఉండాలి. ఇక నీటిలో మునిగి లేచిన ఇనుము కాబట్టి తుప్పు అన్ని వైపులా ఒకేలా పొరలు పొరలుగా ఉంటుంది.

ఈ వస్తువు ఇంటింటా ఉండేది కాదు. వీధికొకటి, ఒక్కోచోట ఊరికొకటి ఉండేది. అవసరమైనవాళ్ళు అడిగి తీసుకువెళ్ళి, పని కాగానే తిరిగి ఇచ్చేవారు. మీ ఇంట్లో ఉందంటే మీ పెద్దల గడపకు ఊరివాళ్ళు దీని కోసం వచ్చేవారన్నమాట. ఆ మాట ఊళ్ళోని పెద్దవాళ్ళను అడిగి చూడండి.

పలుచటి రాగి గిన్నె, సరిగ్గా అడుగు మధ్యలో సన్న రంధ్రం. చిల్లు పడిందా, కావాలని పెట్టారా?

ముందు రంధ్రం చూడండి. అరిగి పడిన చిల్లు అంచు కాగితంలా పలుచబడి, వంకర టింకరగా ఉంటుంది. కావాలని పెట్టినది గుండ్రంగా, నడి మధ్యలో ఉంటుంది. అలా పెట్టినదైతే రెండు దారులున్నాయి.

అంచుకు గొలుసులు తగిలించే కొక్కేలో రంధ్రాలో ఉండి, గిన్నె కాస్త మందంగా ఉంటే ధారాపాత్ర. శివలింగం పైన వేలాడదీసి నీళ్ళు పోస్తే చుక్కచుక్కగా అభిషేకం జరుగుతుంది.

అంచుకు ఏమీ లేకుండా, గిన్నె బాగా తేలికగా, అడుగు గుండ్రంగా ఉండి, రంధ్రం సూది మొనంత ఉంటే మీ చేతిలో ఉన్నది గడియారం కావచ్చు. గడియకుడుక అంటారు. వెడల్పాటి నీళ్ళ పాత్రలో దీన్ని ఖాళీగా తేలనిస్తారు. రంధ్రం గుండా నీరు పైకి ఎక్కుతూ, నిండగానే గిన్నె మునిగిపోతుంది. అలా ఒకసారి మునిగితే ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. మళ్ళీ తీసి తేలనిస్తారు. పగలూ రాత్రీ కలిపి 60 ఘడియలు. చేతి గడియారాలు రాకముందు పెళ్ళి ముహూర్తం ఇలాగే కట్టేవారు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. బకెట్‌లో నీళ్ళు కదలకుండా నిలిచాక గిన్నెను మెల్లగా నీటి మీద వదిలి ఫోనులో సమయం చూడండి. 24 నిమిషాల దగ్గర మునిగితే అనుమానం తీరినట్టే. పాత నీటి ఉప్పు పేరుకుని రంధ్రం సన్నబడి ఉంటే ఎక్కువ సేపు పడుతుంది. ఆ ఉప్పును సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదైతే గడియారం చెడిపోతుంది. నాలుగైదు నిమిషాల్లోనే మునిగిపోతే అది వేరే పనికి చేసినదై ఉండాలి. నాకు తెలిసిన పాత ఇంటి వస్తువుల్లో ఇంత తక్కువ లోహంతో ఇంత తెలివి నిండినది మరొకటి లేదు.

ఇనుప పుల్ల, ఒక కొస సూదిలా, ఇంకో కొస చిన్న కత్తిలా ఉంది. వైద్యుల పనిముట్టా?

ఎక్కువసార్లు అది గంటం, తాటాకు మీద రాసే పనిముట్టు. సూది కొసతో ఆకు మీద అక్షరాలు గీస్తారు, తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు పైకి కనిపిస్తాయి. కత్తి కొస ఆకు అంచులు కోయడానికి. ఇంట్లో ఎక్కడైనా తాటాకు కట్టలు, రెండు రంధ్రాల చెక్క బద్దలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే వాటిని విప్పకండి, నూనె పూయకండి. హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి ప్రాచ్య పరిశోధన సంస్థ ఇలాంటి ప్రతులను భద్రపరుస్తాయి. వారిని అడగండి.

గొలుసుతో ఉన్న చిన్న ఇత్తడి డబ్బీ, లోపల ఏదో గట్టిపడి ఉంది.

తెల్లగా ఉంటే సున్నపుకాయ. తాంబూలానికి సున్నం పెట్టుకునేది. గొలుసు కొసన చిన్న చెంచా వంటి పుల్ల ఉండాలి, చాలాసార్లు అదే తెగి పోతుంది. ఆ తెలుపును గోటితో రవ్వంత గీరి, విడిగా పళ్ళెంలో వేసి, నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగితే సున్నమే. రసం డబ్బీ మీద పడనివ్వకండి. నల్లగా జిడ్డుగా ఉంటే కాటుక భరిణె. గోధుమ రంగు పొడి, మూత చాలా బిగువుగా ఉంటే పొడుం డబ్బీ.

ముక్కు ఉన్న చిన్న గిన్నె దీపమా?

ముక్కు కొసన మసి ఉంటే దీపం. మసి లేకుండా అంచు నున్నగా, పెదవికి గుచ్చుకోకుండా ఉంటే ఉగ్గుగిన్నె, పసిపిల్లలకు ఉగ్గు, ఆముదం పట్టేది.

కరణీకం చేసిన మా తాతగారి పెట్టెలో చాలా పొడవైన ఇనుప తీగల గొలుసు ఉంది. మధ్యమధ్య ఇత్తడి బిళ్ళలు.

అది భూమి కొలిచే గొలుసు. పొడవు 66 అడుగులు, 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పది లింకులకొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళకున్న పళ్ళను బట్టి ఎన్నో పదో తెలుస్తుంది. ఇలాంటి పది చదరపు గొలుసులు ఒక ఎకరం. 33 అడుగులే ఉంటే గుంట లెక్కల గొలుసు. గుంట అంటే పక్కకు 33 అడుగుల చదరం, ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక ఇలాంటి సామాను ఎన్నో ఇళ్ళలో మూలబడిపోయింది. గొలుసు పక్కనే కాగితాలు, పటాలు ఉంటే వాటిని వేరు చేయకండి. వస్తువు కంటే అవి ఎక్కువ మాట్లాడతాయి.

వస్తువు మీద గీతలు, అంకెలు, అక్షరాలు ఉన్నాయి. వాటిని ఎలా చదవాలి?

ముందు భూతద్దం, ఏటవాలు టార్చి వెలుతురు. రుద్దడం, సుద్ద పూయడం వద్దు.

పాత్రల మీద పేర్లు కొట్టించడం మన ఇళ్ళలో పాత అలవాటు. పొడి అక్షరాలుంటే ఎవరి పేరుకు సరిపోతాయో పెద్దవాళ్ళతో కూర్చుని చూడండి. అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరైతే అది సారెలో వచ్చిన సామాను. అక్కడితో ఊరూ తెలిసింది, ఇంచుమించు ఏడూ తెలిసింది.

తెలుగు సంవత్సరం పేరు ఉంటే అది అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తుందని గుర్తుంచుకోండి. శ్రీముఖ అని ఉంటే 1873 కావచ్చు, 1933 కావచ్చు, 1993 కూడా కావచ్చు. ఇంటి చరిత్రే దాన్ని తేల్చాలి. తెలంగాణ వస్తువు మీద ఫసలీ ఏడు, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలపండి. ఫసలీ 1340 అంటే 1930-31. ముస్లిం పంచాంగపు హిజ్రీ ఏడుకు అలా ఒకే అంకె కలిపితే కుదరదు, అది పూర్తిగా చంద్రుడి లెక్క, ఏడు పొట్టిగా ఉంటుంది. హిజ్రీ 1300 మొదలైంది 1882లో.

ఇక గీతలు. తూకపు రాళ్ళ మీద, కొలపాత్రల మీద కనిపించే వరస గీతలను అలంకారం అనుకుని వదిలేయకండి. పాత తెలుగు లెక్కల్లో నిలువు గీత ఒకటైతే పావు, రెండు అర, మూడు ముప్పావు. అడ్డగీత ఒకటి వీసం, అంటే పదహారో వంతు.

తూకపు రాయి అని తోస్తే తూచి చూడండి. తులం 11.66 గ్రాములు. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో 3 తులాలు పలం, 40 పలాలు వీశె, 8 వీశెలు మణుగు. కాబట్టి 1.4 కిలోల దగ్గర తూగేది వీశె రాయి. సేరు దగ్గర జాగ్రత్త పడాలి. మద్రాసు సేరు 24 తులాలే, సుమారు 280 గ్రాములు. 80 తులాల పెద్ద సేరు 933 గ్రాములు. మీ రాయి ఏ సేరుదో తెలిస్తే ఏ ప్రాంతపు బజారుదో కూడా అంచనా వేయవచ్చు. అరిగినందువల్ల కొన్ని గ్రాములు తక్కువ రావడం మామూలే. గ్రాములు, కిలోలు చెక్కి ఉంటే అది 1958 తర్వాతి రాయి.

వయసు చెప్పే గుర్తులు ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. వీటిలో చాలా భాగం "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెబుతాయి. తలపై కూడిక గుర్తు గాడి ఉన్న మరమేకు (స్క్రూ) ఉంటే 1930ల నడిమి కాలం తర్వాతిది, లేదా తర్వాత మరమ్మతు చేసినది. స్టెయిన్‌లెస్ స్టీలు 1913 తర్వాతిది. అల్యూమినియాన్ని చవకగా తీసే పద్ధతి 1886లో వచ్చింది, ఆ లోహపు పాత్ర అంతకంటే పాతది కావడం దాదాపు అసాధ్యం. బ్రిటిష్ సామాను మీద వజ్రం ఆకారపు నమోదు ముద్ర ఉంటే 1842కూ 1883కూ మధ్యది. పశ్చిమ జర్మనీ తయారీ అని ఉంటే 1949 నుంచి 1990 లోపుది.

"వంద ఏళ్ళ పాతది", "మూడు వందల ఏళ్ళ పాతది" అని ఇంట్లో చెప్పుకునే మాటను రాసుకోండి, గౌరవించండి. కానీ ఆధారంగా లెక్కించకండి.

మన ఇంట్లో ఇంగ్లండు వస్తువు, బర్మా వస్తువు ఎలా ఉంటాయి?

ఉంటాయి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది రంగూన్‌కు పనికి వెళ్ళారు. 1942లో జపాన్ దాడితో చాలామంది తిరిగి వచ్చారు. లక్క పూత వేసిన వెదురు పెట్టెలు, తాంబూలపు డబ్బాలు అలా వచ్చినవి కావచ్చు. దొరల బంగళాల్లో, రైల్వేలో, మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసినవారి ఇళ్ళలో విదేశీ చిన్న సామాను కనిపిస్తుంది. పొడవైన పిడికి సన్న కొక్కెం ఉంటే బూట్ల గుండీలు తగిలించే కొక్కెం. కత్తెరకు ఒక పక్క చిన్న పెట్టె అతికించి ఉంటే కొవ్వొత్తి వత్తి కత్తిరించేది, కాలిన ముక్క కింద పడకుండా ఆ పెట్టెలో పడుతుంది. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న: "మీ ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారు?"

ఇంట్లో పెద్దవాళ్ళను ఎలా అడగాలి? "గుర్తు లేదు" అంటున్నారు.

ప్రశ్నతో మొదలుపెట్టకండి. వస్తువును చేతికి ఇవ్వండి, ఫోటో చూపించవద్దు. ఇచ్చి ఊరుకోండి. తొంభై ఏళ్ళ మామ్మగారికి పేరు గుర్తు రాకపోవచ్చు, కానీ చేతికి పని గుర్తుంటుంది. ఎటువైపు పట్టుకున్నారు, ఏ వేలు ఎక్కడ పెట్టారు, ఒళ్ళో పెట్టుకున్నారా, నేల మీద ఆనించారా అన్నది వీడియో తీయండి. ఆ చిన్న కదలికలోనే చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

తర్వాత అడగండి. దీన్ని ఎవరు తీసేవారు, ఆడవాళ్ళా మగవాళ్ళా? ఏ నెలలో బయటికి వచ్చేది? మడితో ముట్టుకునేవారా? పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారా? "ఇది కాటుక భరిణె కదా నాయనమ్మా?" అని మీరే పేరు అందించకండి, మీ మనసు నొప్పించలేక "అవును" అనేస్తారు. ఇద్దరు ముగ్గురు ఉంటే విడివిడిగా అడగండి. ఇద్దరు ఒకరి మాట ఒకరు వినకుండా ఒకే సంగతి చెబితే దానికి బలం ఎక్కువ.

ఇంటివాళ్ళతో ఆగవద్దు. ఆ వస్తువును చేసినవారూ, దానితో పనిచేసినవారూ వేరే ఉంటారు. కంసాలి, కమ్మరి, వడ్రంగి, నేతపని, కుమ్మరి పని తెలిసిన పెద్దలు ఒక్క చూపులో చెప్పే సంగతులు ఉన్నత విద్యావంతులకు తట్టవు. పేరు దొరికితే నిఘంటువులు చూడండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు జిల్లా జిల్లాకు ఏ పేరో అందులో ఉంటుంది.

ఫోనులో ఫోటో పెట్టి వెతికితే సరిపోదా?

వెతకండి, తప్పులేదు. అది ఆకారం పోలినవాటిని చూపిస్తుంది. అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేర్లనే మీకు తిరిగి చెబుతుంది. దాన్ని ఒక ఊహగా తీసుకుని అరుగుదలతో సరిచూడండి.

మా రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందని, కోట్లు ఇస్తామని ఒకాయన వచ్చారు. నిజమేనా?

కాదు. అది మోసం. రైస్ పుల్లింగ్ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో కుటుంబాలు నాశనమయ్యాయి, పోలీసులు ఎన్నోసార్లు ముఠాలను పట్టుకున్నారు. పిడుగు పడిన పాత్రలో ఇరిడియం ఉంటుందని, అంతరిక్ష సంస్థలు కొంటాయని చెబుతారు. ఇరిడియం బియ్యాన్ని లాగదు. అసలు అయస్కాంతానికే అంటుకోని లోహం అది. బియ్యానికి ఇనుప రజను పట్టించి, పాత్రలో అయస్కాంతం దాచి చూపిస్తారు. ఆ తర్వాత పరీక్షల ఖర్చని, ప్రత్యేక దుస్తుల ఖర్చని మీ దగ్గరే డబ్బు గుంజుతారు. వచ్చిన మనిషి ఎంత మర్యాదగా మాట్లాడినా, ఎంత దగ్గర బంధువు వెంటపెట్టుకు వచ్చినా ఒక్క రూపాయి ఇవ్వకండి, పోలీసులకు చెప్పండి.

చట్టం ఏమంటుంది?

నేల తవ్వుతుండగా దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటిన దేనికైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తవ్వడం ఆపి, దొరికిన చోటు కదపకుండా ఉంచితే చరిత్రకు మేలు చేసినవారవుతారు.

ఇంట్లో వారసత్వంగా వచ్చినవాటికి 1972 పురావస్తువుల చట్టం. వంద ఏళ్ళు నిండిన వస్తువులు, 75 ఏళ్ళు నిండిన విలువైన రాతప్రతులు పురావస్తువులు. వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, చెక్క శిల్పాల వంటివాటిని నమోదు చేయించాలి. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. విదేశాల్లో ఉన్న పిల్లలకు పాత ఇత్తడి వస్తువు పంపాలనుకుంటే అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ముందే ధ్రువపత్రం తీసుకోండి. ఏనుగు దంతం ఏ రూపంలో ఉన్నా అమ్మకం నేరం.

ధర ఎంత పలుకుతుంది?

ధరలు నేను చెప్పను. తూకానికి మాత్రం అమ్మకండి.

ఎవరికి చూపించాలి?

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం. ఇంటి సామాను గురించి లోతుగా చూడాలనుకుంటే పుణెలో రాజా దిన్కర్ కేల్కర్ మ్యూజియం ఉంది. అడకత్తెరలు, దీపాలు, తాళాలు, వంటింటి పాత్రలు అక్కడ రాజుల ఆభరణాలకు ఇచ్చినంత గౌరవంతో పెట్టారు. అహ్మదాబాదులో పాత్రలకే ఒక మ్యూజియం ఉంది. పోలికలు వెతికేవారికి ఆ రెండూ బంగారు గనులు.

ఎంత ప్రయత్నించినా తేలని వస్తువులు నిజంగా ఉంటాయా?

ఉంటాయి. రోమన్ల కాలపు పన్నెండు ముఖాల కంచు బోలు గుండు ఒకటి 1739లో ఇంగ్లండులో బయటపడింది. అప్పటి నుంచి ఉత్తర, పశ్చిమ ఐరోపాలో అలాంటివి వంద పైచిలుకు దొరికాయి. ముఖానికొక రంధ్రం, రంధ్రాలన్నీ వేర్వేరు సైజులు, మూల మూలకూ ఒక బొడిపె. 2023లో ఇంగ్లండులోని నార్టన్ డిస్నీ గ్రామం దగ్గర చెక్కుచెదరనిది ఒకటి తవ్వకాల్లో దొరికింది. ఎత్తు సుమారు 8 సెంటీమీటర్లు, బరువు 245 గ్రాములు. కొవ్వొత్తి నిలిపేదని, దూరం కొలిచేదని, చేతి తొడుగులు అల్లేదని, పూజకని ఎన్నో ఊహలు వచ్చాయి. ఆ కాలపు రాతల్లో దాని ప్రస్తావన లేదు. నార్టన్ డిస్నీలో దొరికినదానిపై అరుగుదల కూడా కనబడలేదు. రాతా లేక, అరుగుదలా లేక, అడగడానికి మనిషీ లేక అది చిక్కుముడిగా మిగిలింది. మీ అటక మీది వస్తువుకు ఆ మూడింటిలో కనీసం రెండు ఇంకా ఉన్నాయి.

మా వస్తువు ఏమిటో తేలనే లేదు. ఏం చేయాలి?

పేరు పెట్టేయకండి. తప్పు పేరు ఒకసారి అంటుకుంటే తర్వాత వెతికేవారిని అది దారి తప్పిస్తుంది. ఒక చీటీ రాయండి: దొరికిన ఊరు, ఇల్లు, గది, తేదీ. పక్కన దొరికిన వస్తువులు. కొలతలు, బరువు, లోహం. ఎవరెవరిని అడిగారు, వారు ఏమన్నారు, వారి వయసు, ఊరు, వృత్తి. "వాడుక తెలియదు" అని స్పష్టంగా రాయండి. పెన్నుతో వద్దు, పెన్సిలుతో రాయండి, తడిసినా చెదరదు. ఆ చీటీని నూలు దారంతో వస్తువుకు వదులుగా కట్టండి. జిగురు టేపు అంటించవద్దు, రబ్బరు బ్యాండు వేయవద్దు, రెండూ లోహాన్ని మరకలు పడేలా చేస్తాయి.